ఐదు తీగల బేస్ గిటార్: తక్కువ ధరలో చేతికి ఇమిడే నెక్‌ను ఎంచుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కొన్నేళ్లుగా చర్చి ఆరాధన బృందంలో జాజ్ బేస్ (సన్నని నెక్ ఉన్న ఫెండర్ మోడల్) తరహా నాలుగు తీగల గిటార్ వాయిస్తున్నారు. పాటలు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో నడుస్తున్నందువల్ల మంద్ర స్వరాలు అందడం లేదు. మీ చేతులు చిన్నవి. దుకాణంలో ఒక ఐదు తీగల బేస్‌ను కాసేపు వాయించేసరికి ఎడమ మణికట్టు లాగింది. 35,000 రూపాయలు దాటకుండా, నట్ (నెక్ తల వైపు కొనలో తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు అన్నిటికంటే తక్కువగా ఉన్న మోడల్ ఏదో చెప్పమన్నారు.

మోడల్ పేరు తప్పకుండా చెబుతాను. అయితే నట్ వెడల్పు ఒక్కదాన్నే పట్టుకుని బేస్ కొంటే మీ మణికట్టు బాధ తీరుతుందన్న నమ్మకం నాకు లేదు. నెక్ చేతికి ఇమడడమనేది నట్ వెడల్పు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల మధ్య దూరం, నెక్ వెనుక భాగపు మందం, గిటార్ బరువు ఎటు మొగ్గుతుందన్నది, తీగలు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీల) మీద ఎంత ఎత్తున ఉన్నాయన్నది, ఇవన్నీ కలిస్తే తేలే విషయం. వీటిలో చివరి రెండూ ఏ కంపెనీ కొలతల పట్టికలోనూ కనిపించవు, కానీ చాలామందికి నొప్పి వచ్చేది వాటివల్లే.

ముందుగా, మీకు ఐదో తీగ నిజంగానే అవసరం. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ఇ (E), అంటే మూడు శ్రుతి వారి షడ్జమం. దాని పౌనఃపున్యం 41.2 హెర్ట్జ్. పాడేవారు ఒకటి నుంచి రెండున్నర శ్రుతి వరకు ఏది ఎంచుకున్నా ఆ పాట ఆధార షడ్జమం మీ గిటార్‌లో అట్టడుగు స్థాయిలో దొరకదు. ఒకటి శ్రుతి పాటకు మీరు ఎ తీగ మూడో ఫ్రెట్ మీద 65.4 హెర్ట్జ్ దగ్గర వాయిస్తున్నారు. ఐదు తీగల బేస్‌లో అదనంగా వచ్చే బి తీగ మొదటి ఫ్రెట్ మీద అదే స్వరం 32.7 హెర్ట్జ్ దగ్గర దొరుకుతుంది. మన దగ్గర మగ గాయకులు ఎక్కువగా పాడేది ఈ శ్రుతుల్లోనే కాబట్టి, చర్చిలో గాని, సినిమా పాటల ఆర్కెస్ట్రాలో గాని బేస్ వాయించేవారికి ఐదో తీగ ఆడంబరం కాదు.

ఐదో తీగకు ఇంకొక ఉపయోగం ఉంది. చిన్న చేతులవారికి అదే ముఖ్యమైనదని నా అభిప్రాయం. 34 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి వరకు తీగ పొడవు) ఉన్న బేస్‌లో మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ వరకు దూరం దాదాపు 130 మిల్లీమీటర్లు. ఐదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ వరకు అది 103 మిల్లీమీటర్లే. నాలుగు తీగల బేస్ మీద ఎఫ్, ఎఫ్ షార్ప్, జి స్వరాల కోసం ఇ తీగ మొదటి మూడు ఫ్రెట్ల దగ్గరికి, అంటే వేళ్లు అన్నిటికంటే ఎక్కువ చాచవలసిన చోటికి, వెళ్లక తప్పదు. ఐదు తీగల బేస్ మీద అవే స్వరాలు, అదే స్థాయిలో, బి తీగ ఆరు, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర ఉంటాయి. ఐదో ఫ్రెట్ మీద ఇ ఉంటుంది. చేతిని ఐదు, తొమ్మిది ఫ్రెట్ల మధ్య నిలిపి ఎన్నో పాటలను మొదటి నుంచి చివరి వరకు వాయించవచ్చు. నెక్ వెడల్పు కొంచెం పెరిగినా వేళ్ల చాపు అంత తగ్గుతుంది. చిన్న చేతులవారికి ఐదు తీగలు పనికిరావని చెప్పేవారు ఈ రెండో లెక్క వేయరు.

ఇక కొలతల సంగతి. మీ జాజ్ బేస్ తరహా గిటార్ నట్ 38 మిల్లీమీటర్లు. అంచుల దగ్గర రెండు వైపులా మూడున్నర మిల్లీమీటర్ల చొప్పున తీసేస్తే తీగకూ తీగకూ మధ్య పదికి కొంచెం పైన వస్తుంది. ఐదు తీగల బేస్‌లలో 43 మిల్లీమీటర్ల నట్ ఉన్నదానిలో అదే లెక్కన తీగల మధ్య తొమ్మిది, 45 ఉన్నదానిలో తొమ్మిదిన్నర, 47 దాటినదానిలో పదికి పైన వస్తాయి. అంటే 43 మిల్లీమీటర్ల నెక్ మొత్తం వెడల్పులో మీ గిటార్ కంటే 5 మిల్లీమీటర్లు ఎక్కువైనా, తీగలు మాత్రం మీకు అలవాటైనదానికంటే దగ్గరగా ఉంటాయి. ఎడమ చేతి వేలు ఒక తీగను నొక్కేటప్పుడు పక్క తీగకు తగలడమే మొదట్లో మీరు ఎదుర్కొనే ఇబ్బంది. కనుక నట్ ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని అనుకోవద్దు.

నట్ దగ్గరి కొలత నెక్ పొడవునా అలాగే ఉండదన్నది అంతకంటే పెద్ద విషయం. యమహా టీఆర్‌బీఎక్స్305, ఐబనీజ్ ఎస్ఆర్305ఈ, రెండూ 34 అంగుళాల స్కేలువే. యమహా నట్ 43 మిల్లీమీటర్లు, బ్రిడ్జి దగ్గర తీగల మధ్య దూరం 18. ఐబనీజ్ నట్ 45, బ్రిడ్జి దగ్గర 16.5. నట్ అంకె మాత్రమే చూసినవారికి యమహా సన్నని నెక్‌గా కనిపిస్తుంది. కానీ యమహాలో బయటి తీగల మధ్య దూరం నట్ దగ్గర 36 నుంచి మొదలై బ్రిడ్జి దగ్గర 72కు చేరుతుంది. ఐబనీజ్‌లో అది 38 నుంచి 66కు మాత్రమే చేరుతుంది. తీగలు తిన్నగా సాగుతాయి కనుక ఈ రెండు గీతలూ ఎక్కడో ఒకచోట కలుసుకోవాలి. లెక్క వేస్తే ఆ చోటు తీగ పొడవులో పావు వంతు దగ్గర, అంటే సరిగ్గా ఐదో ఫ్రెట్ దగ్గర వస్తుంది. అంచుల ఖాళీ రెండింటిలోనూ ఒకే మోస్తరుగా ఉంటే, ఐదో ఫ్రెట్‌కు నట్ వైపున యమహా సన్నన, దానికి అవతల ఐబనీజ్ సన్నన. పన్నెండో ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి ఐబనీజ్ రెండు మిల్లీమీటర్లు తక్కువే ఉంటుంది. కాబట్టి మీ చేయి ఎక్కువసేపు ఏ ఫ్రెట్ల దగ్గర ఉంటుందో తెలియకుండా ఏ నెక్ సన్ననిదో చెప్పలేం.

నెక్ మందం గురించి కంపెనీలు అన్నీ అంకెలు ఇవ్వవు. ఐబనీజ్ ఎస్ఆర్ శ్రేణి నెక్‌లు పల్చగా ఉంటాయని పేరు, అది నిజమే. మొదటి ఫ్రెట్ దగ్గర 19.5, పన్నెండో ఫ్రెట్ దగ్గర 21.5 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటాయి. పల్చని నెక్ చిన్న చేతికి అందుబాటుగా ఉంటుంది కానీ అందరికీ హాయినివ్వదు. బొటనవేలికి, మిగతా వేళ్లకు మధ్య పట్టు మరీ తక్కువైతే తెలియకుండానే గట్టిగా నొక్కడం మొదలుపెడతాం, అప్పుడు బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతుంది. కొంచెం గుండ్రంగా, నిండుగా ఉన్న నెక్ అరచేతికి ఆనుకుని ఆ నొప్పిని తప్పించవచ్చు. ఇది చేతిని బట్టి మారేది గనుక, కనీసం పావుగంట వాయించి చూడటం తప్ప మార్గం లేదు. రెండు నిమిషాల్లో ఏ నెక్ అయినా బాగానే అనిపిస్తుంది.

మందంతో పాటు రెండు చిన్న సంగతులు చూడండి. ఒకటి నెక్ వెనుక పూత. మెరిసే వార్నిష్ పూత కోస్తా జిల్లాల ఉక్కపోతలో, చెమట పట్టిన అరచేతికి అతుక్కుని చేయి జారనివ్వదు. మెరుపు లేని శాటిన్ పూత మనకు మేలు. రెండోది ఫ్రెట్ల కొనలు. నట్ నుంచి బాడీ వరకు నెక్ రెండు అంచుల మీదా వేలు మెల్లగా జరిపి చూడండి. తక్కువ ధర గిటార్లలో ఫ్రెట్ల కొనలను నునుపు చేసే పనికి కంపెనీలు ఎక్కువ సమయం పెట్టవు. పైగా ఎండాకాలంలోనో, ఏసీ గదిలోనో ఫ్రెట్‌బోర్డు చెక్క కొద్దిగా కుంచించుకుపోయి లోహపు కొనలు బయటికి పొడుచుకు వస్తాయి. వేలికి గుచ్చుకునే అంచు ఉంటే ఎంత సన్నని నెక్ అయినా చేతికి పెద్దదిగానే అనిపిస్తుంది. ఇది మరమ్మతుకు లొంగేదే. ఆ ఒక్క కారణంతో గిటార్‌ను వదులుకోనక్కరలేదు, కానీ బేరం ఆడేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ మణికట్టు దగ్గరికి వద్దాం. నాలుగు తీగల బేస్ వాయించేవారిలో చాలామంది ఎడమ బొటనవేలిని నెక్ పై అంచు మీదికి చుట్టి పట్టుకుంటారు. సన్నని నెక్ మీద అది సాగుతుంది. అదే పట్టుతో ఐదు తీగల నెక్ మీద బి తీగను అందుకోవాలంటే మణికట్టును ముందుకు బాగా వంచాలి. వంగిన మణికట్టుతో వేళ్లు నొక్కేకొద్దీ స్నాయువుల మీద ఒత్తిడి పెరుగుతుంది. దుకాణంలో మీకు జరిగింది ఇదే అయి ఉండవచ్చు. బొటనవేలిని నెక్ వెనుక నడిమధ్యకు దించి, అరచేతికి నెక్‌కు మధ్య కొంచెం ఖాళీ ఉంచి, మణికట్టు వీలైనంత తిన్నగా ఉండేలా చూసుకోండి. స్ట్రాప్‌ను కొంచెం పొట్టిగా కట్టి, కూర్చున్నప్పుడు గిటార్ ఉండే ఎత్తులోనే నిలబడినప్పుడూ ఉండేలా చేస్తే ఈ మార్పు తేలికవుతుంది. మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర ఫ్రెట్‌కో వేలు అన్న పట్టుదల వద్దు. డబుల్ బేస్ వాద్యకారులు అనుసరించే సిమాండల్ పద్ధతిలో చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు మాత్రమే వాడి మూడు ఫ్రెట్లను అందుకుంటారు, ఉంగరం వేలు చిటికెన వేలికి తోడుగా నిలుస్తుంది. ఆ ఫ్రెట్ల దగ్గర మీ చేతికి అదే తగినది. వాయించడం ఆపిన తరువాత కూడా నొప్పి నిలిచి ఉంటే, వేళ్లలో తిమ్మిరి ఉంటే, కొత్త గిటార్ కొనడం కంటే ముందు వైద్యుడికి చూపించుకోండి. ఈ మాటను దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

బరువు మొగ్గు కూడా మణికట్టుకు సంబంధించినదే. ఐదు తీగల బేస్ తల భాగంలో ఒక ట్యూనింగ్ కీ అదనంగా ఉంటుంది. బాడీ తేలికపాటి చెక్కదైతే తల కిందికి వాలుతుంది. అప్పుడు మీ ఎడమ చేయి స్వరాలు నొక్కడమే కాక గిటార్ తలను మోయవలసి వస్తుంది. దుకాణంలో నిలబడి, స్ట్రాప్ తగిలించుకుని, రెండు చేతులూ వదిలేసి చూడండి. గిటార్ ఉన్నచోటే నిలిస్తే మంచిది. మెల్లగా వాలితే, లోపలి వైపు గరుకుగా ఉన్న వెడల్పాటి తోలు స్ట్రాప్‌తో చాలావరకు సర్దుకుంటుంది. గబుక్కున వాలేదాన్ని మాత్రం కొనకండి. గిటార్ తేలికగా ఉందని దుకాణదారు పొగిడినప్పుడు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

కుడి చేతి విషయంలో మీకు అలవాటైనది 19 మిల్లీమీటర్ల దూరం. 16.5 ఉన్న గిటార్ మీద మొదట్లో కొన్ని వారాల పాటు వేళ్లు పక్క తీగకు తగులుతాయి. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టే పద్ధతి) వాయించేవారికి ఆ ఇరుకు మరింత ఇబ్బంది. ఐదు తీగల మధ్య బొటనవేలిని జరుపుతూ వాయించని తీగలను ఆపి ఉంచేవారికి మాత్రం అదే దగ్గరితనం సాయపడుతుంది. ఈ ఆపి ఉంచడం నేర్చుకోక తప్పదు, ఎందుకంటే మీరు ముట్టుకోకపోయినా బి తీగ తనంతట తాను మోగుతూ పాటంతా ఒక మూలుగు నింపుతుంది. పికప్ (తీగల కంపనాన్ని పట్టే భాగం) మీద ఉంచే బొటనవేలిని బి తీగ మీదికి మార్చడం దీనికి తొలి మెట్టు.

ఇవన్నీ కలిపి చూస్తే, మీకు నేను మొదట చెప్పే పేరు యమహా టీఆర్‌బీఎక్స్305. నట్ సన్నగా ఉండాలన్న మీ కోరికకు అది సరిపోతుంది, కానీ నా కారణాలు వేరు. మీకు ముఖ్యంగా కావలసిన ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల మంద్ర షడ్జమాలు బి తీగ మొదటి మూడు ఫ్రెట్ల మీదే ఉన్నాయి, ఆ భాగంలో ఈ నెక్ ఇరుకు మీకు కలిసొస్తుంది. బ్రిడ్జి దగ్గరి 18 మిల్లీమీటర్ల దూరం మీ 19కి ఒక్క మిల్లీమీటరే తక్కువ కాబట్టి కుడి చేయి కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. ప్రతి ఆదివారం ఆరాధనలో వాయించవలసిన మీకు ఆ వెసులుబాటు చిన్నది కాదు. మేపుల్, మహాగనీ చెక్కలను ఐదు పొరలుగా అతికించిన నెక్ కావడం కూడా నాకు నచ్చే విషయం, మన వాతావరణపు మార్పులకు అటువంటి నెక్ సాధారణంగా ఎక్కువ నిలకడగా ఉంటుంది.

మీ చేయి ఐదో ఫ్రెట్ పైన ఎక్కువగా తిరిగేటట్లయితే, స్లాప్ వాయించే ఆలోచన లేకపోతే, ఐబనీజ్ ఎస్ఆర్305ఈ అంతకంటే హాయిగా ఉండవచ్చు. కొత్తది మీ బడ్జెట్ దాటితే వాడినదాని కోసం చూడండి. అదే కంపెనీ జీఎస్ఆర్205 తక్కువ ధరది, నట్ అదే 45 మిల్లీమీటర్లైనా నెక్ ఎస్ఆర్ అంత పల్చన కాదు. రెండింటినీ ఒకటే అనుకుని ఆన్‌లైన్‌లో కొనేవారు ఉన్నారు. కోర్ట్ యాక్షన్ శ్రేణిలోని ఐదు తీగల బేస్‌లు ఇంకా అందుబాటు ధరలో దొరుకుతాయి. బడ్జెట్ తగ్గించుకోవలసి వస్తే వాటిని వాయించి చూడదగ్గవిగా భావిస్తాను, ఒక గిటార్‌కూ ఇంకొకదానికీ పనితనంలో తేడా ఎక్కువగా కనిపించవచ్చు గనుక చేతితో చూసి ఎంచుకున్నదే తీసుకోండి. సైర్ కంపెనీ ఫ్రెట్‌బోర్డు అంచులను గుండ్రంగా తీర్చిదిద్దడంలో పేరు పొందింది. దాని ఐదు తీగల గిటార్ వాడినది మీ ధరలో దొరికితే ఒక పూట ప్రయాణం చేసి అయినా చూడండి. స్క్వయర్ అఫినిటీ జాజ్ బేస్ ఐదు తీగలది మాత్రం మీకు సిఫారసు చేయను. అది మంచి వాద్యమే, కానీ నట్ 47 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. జాజ్ అన్న పేరు చూసి మీ పాత గిటార్‌లాంటి సన్నని నెక్ ఉంటుందని ఆశిస్తే నిరాశ పడతారు.

35 అంగుళాల స్కేలు ఉంటేనే బి తీగ బాగా పలుకుతుందన్న మాట మీరు వినే ఉంటారు. పొడవు పెరిగితే తీగ బిగువు కొంత పెరిగేమాట నిజమే, కానీ బాగా అమర్చిన 34 అంగుళాల బేస్‌లో శుభ్రంగా పలికే బి తీగలు ఎన్నో ఉన్నాయి. మీ చేతికి 34 దాటవద్దు.

దుకాణంలో బి తీగను పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. ముందు ఆంప్‌కు కలపకుండా వాయించండి. బి తీగను ఐదో ఫ్రెట్ మీద నొక్కి మీటండి, వెంటనే ఇ తీగను విడిగా మీటండి. రెండూ ఒకే స్వరం. మొదటిది రెండోదానికంటే కొంచెం మందంగా, ముదురుగా ఉండటం సహజం. కానీ అది టప్పున చచ్చిపోతున్నా, స్వరం పైకీ కిందికీ ఊగుతున్నా, ఏ స్వరమో చెవికి తేలకపోయినా ఆ గిటార్‌ను పక్కన పెట్టండి. తరువాత అదే తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు ఒక్కొక్క స్వరాన్నీ అంతే బలంతో మీటుతూ వెళ్లండి, ఎక్కడైనా ఒక స్వరం మిగతావాటికంటే త్వరగా ఆగిపోతే తెలిసిపోతుంది. ట్యూనర్ విడి బి తీగను పట్టుకోలేక తడబడితే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా తాకి హార్మోనిక్ మీటి శ్రుతి చేసుకోండి. ఆంప్‌కు కలిపిన తరువాత తొందరపడి తీర్పు చెప్పవద్దు. దుకాణాల్లో ఉండే ఎనిమిది అంగుళాల స్పీకర్ ఆంప్‌లు 31 హెర్ట్జ్ స్వరపు మూలాన్ని వినిపించలేవు, దాని పై అనుస్వరాలను మాత్రమే వినిపిస్తాయి. పెద్ద కేబినెట్ ఉంటే అడిగి దానికి కలిపించుకోండి. ఒక గిటార్‌ను చిన్న ఆంప్‌తో, ఇంకొకదాన్ని పెద్ద ఆంప్‌తో విని పోల్చడం అన్యాయం.

మీ 35,000లో నాలుగైదు వేలు మొదటే పక్కన పెట్టేయండి. అది మంచి స్ట్రాప్‌కు, కొత్త తీగలకు, అన్నిటికంటే ముఖ్యంగా పని తెలిసిన మనిషి చేసే, తీగల ఎత్తూ నెక్ వంపూ సరిదిద్దే సెటప్‌కు. గిటార్‌కు 35,000 మొత్తం పెట్టి సెటప్ లేకుండా వాయించడం కంటే 30,000 గిటార్‌కు సెటప్ చేయించుకుని వాయించడం మీ చేతికి ఎంతో మేలు. సెటప్‌లో మీ మణికట్టుకు నేరుగా సంబంధించినది నట్ గాళ్ల (తీగలు కూర్చునే గాడుల) లోతు. దాన్ని మీరే చూడవచ్చు: తీగను మూడో ఫ్రెట్ మీద నొక్కి ఉంచి, మొదటి ఫ్రెట్ మీద తీగకు కింద ఎంత ఖాళీ ఉందో పక్క నుంచి చూడండి. వెంట్రుకవాసి ఖాళీ ఉంటే చాలు. వెలుతురు స్పష్టంగా కనిపించేంత ఖాళీ ఉంటే ఆ నట్ గాళ్లు పైకి ఉన్నాయని అర్థం. అటువంటి గిటార్ మీద మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర, అంటే మీ మంద్ర షడ్జమాలున్న చోటే, రెట్టింపు బలంతో నొక్కవలసి వస్తుంది. తక్కువ ధర గిటార్లలో నేను తరచుగా చూసే లోపం ఇదే, దుకాణంలో చాలామంది నెక్ లావుగా ఉందని వదిలేసే గిటార్లకు ఉన్న అసలు జబ్బు కూడా చాలాసార్లు ఇదే. సన్నని ఆకురాయితో గాడిని కొద్దికొద్దిగా దించడం కొంచెంసేపటి పని, కానీ చేయి తిరిగినవారే చేయాలి, ఎక్కువ దించితే నట్ మార్చక తప్పదు.

మిగతా కొలతలు క్లుప్తంగా. మొదటి ఫ్రెట్‌ను, చివరి ఫ్రెట్‌ను ఒకేసారి నొక్కి పట్టినప్పుడు ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే మామూలు విజిటింగ్ కార్డు మందం, ఉండేలా, నెక్ వంపును మార్చే లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను సరిచేస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు జి తీగకు 2, బి తీగకు 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చేతికి సులువుగా ఉంటుంది, మరీ గట్టిగా మీటేవారైతే ఇంకొంచెం పైన ఉంచుకోవాలి. ట్రస్ రాడ్‌ను మీరే తిప్పదలచుకుంటే పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పకండి, నెక్ కుదురుకోవడానికి కొంత సమయం ఇచ్చి మళ్లీ కొలవండి. ఎండాకాలం పోయి వానలు మొదలైనప్పుడు ఒకసారి సరిచూసుకోవడం మంచిది. తీగల సెట్ 45 నుంచి 130 వరకు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) ఉన్నది తీసుకోండి, బి తీగ అంతకంటే లావుదైతే నట్ గాడిలో పూర్తిగా కూర్చోక పైకి తేలవచ్చు.

వాడిన గిటార్ కొనేటప్పుడు బాడీ మీది గీతలు చూసి భయపడనక్కరలేదు. తల వైపు నుంచి నెక్ రెండు అంచుల వెంబడీ కన్ను పెట్టి చూడండి, రెండు గీతలూ ఒకే తీరుగా కాకుండా ఒకటి మెలి తిరిగినట్టు కనిపిస్తే ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. ట్రస్ రాడ్ మర తిరుగుతోందో లేదో అమ్మేవారి ఎదుటే చూపించమనండి. యాక్టివ్ సర్క్యూట్ (బ్యాటరీతో పనిచేసేది) ఉన్నదైతే బ్యాటరీ పెట్టె తెరిచి కారిన మరకలున్నాయేమో చూడండి. కొన్న తరువాత కూడా, వాయించడం అయిపోగానే కేబుల్ తీసేయడం అలవాటు చేసుకోండి, అది గుచ్చి ఉన్నంతసేపూ తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

అన్నీ ప్రయత్నించినా ఐదు తీగల నెక్ మీ చేతికి నప్పకపోతే నిరుత్సాహపడకండి. మీ నాలుగు తీగల గిటార్‌కే ఐదు తీగల సెట్‌లోని లావు తీగలు నాలుగు, అంటే బి, ఇ, ఎ, డి తీగలు వేయించి, నట్ గాళ్లు ఆ మేరకు వెడల్పు చేయించి, సెటప్ సరిచేయించుకోవచ్చు. జి తీగ పోతుంది. ఆరాధన పాటల్లో ఆ పై స్వరాలు మీరు ఎంత తరచుగా వాయిస్తున్నారో ఈ ఆదివారం గమనించి చూడండి. చాలామందికి ఆ లోటు తెలియదు. ఖర్చు కొత్త గిటార్‌లో చిన్న వంతు కూడా కాదు, నెక్ మీకు అలవాటైనదే. నట్ గాళ్లు ఒకసారి వెడల్పు చేశాక పాత తీగలకు తిరిగి వెళ్లాలంటే నట్ మార్చవలసి ఉంటుందన్నది మాత్రం ముందే ఆలోచించుకోండి.

చివరిగా, కొత్త బేస్‌తో చర్చికి వెళ్లిన మొదటి రోజు మిక్సర్ దగ్గర కూర్చునే సోదరుడితో ఒక మాట మాట్లాడండి. చాలా మిక్సర్లలో ఒక్కో ఛానెల్‌కు 75 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర కింది ధ్వనిని కోసేసే లో కట్ బటన్ ఉంటుంది. మైకుల కోసం దాన్ని నొక్కి ఉంచడం మంచి అలవాటే, కానీ అదే బటన్ బేస్ ఛానెల్‌లో కూడా నొక్కి ఉంటే మీరు బి తీగ మీద వాయించే మంద్ర స్వరాల మూలం స్పీకర్ దాకా చేరకముందే చాలావరకు పోతుంది. మీ ఛానెల్‌లో దాన్ని తీయించి, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్ మిక్సర్‌కు అనువుగా మార్చే పెట్టె) ద్వారా కలిపి, హాలు వెనుక వరుసలో ఒకరిని నిలబెట్టి బి తీగ మొదటి మూడు ఫ్రెట్లు వాయించి చూడండి. స్పీకర్లు చిన్నవై ఆ స్వరాలు వెనక్కి చేరకపోతే, సబ్ ఊఫర్ వచ్చేదాకా మంద్ర షడ్జమాన్ని పాట ముగింపులోనూ పల్లవి మొదట్లోనూ మాత్రమే వాడి, మిగతా చోట్ల, ఒకటి శ్రుతి పాటైతే, ఇ తీగ ఎనిమిదో ఫ్రెట్ దగ్గరి షడ్జమంతో నడిపించండి. అక్కడ చేయి నిలిపితే పంచమం బి తీగ మీద అదే ఫ్రెట్ దగ్గర మీ వేలి కిందే ఉంటుంది.